తలకాయ తప్పించే పని

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. నేను రిటైరైనానంటే ఎవరూ నమ్మరు. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. నిజానికి రిటైరైంది నేను కాదు, నా కుడి మోకాలు. ముందు అది రాజీనామా ఇచ్చింది, మిగతా ఒళ్ళంతా దాని వెనకాల పోయింది. ముసలాయన అనుభవాలు రాస్తే అందులో ఏదో జ్ఞానం ఉంటుందని చదువుతారు. నా వయసువాడు రాస్తే "అంత అర్జెంటు ఏమొచ్చిందప్పా?" అంటారు. అర్జెంటు ఉంది. నా తలకాయకి తగిలిన గుద్దుల లెక్కన చూస్తే, ఈ సంగతులు ఇంకా ఎంతకాలం గుర్తుంటాయో చెప్పలేను.

ప్రమోషన్ల గురించి రాయను. అవి రాలేదు.

పని ఏమిటంటే

తొంభైల నడుమ హోసూరులో ఒక స్కూల్లో పీటీ మాస్టరుగా చేరినాను. పొద్దున పిల్లకాయలను వరసలో నిలబెట్టడం, సాయంత్రం బాక్సింగ్ నేర్పడం. మొదటిదానికి జీతం ఇచ్చినారు. రెండోదానికి జీతం లేదు గానీ ఊరంతా "గుద్దుల మాస్టరు" అని పిలిచేది. సాయంత్రం వచ్చేది స్కూలు పిల్లలు, ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చే కుర్రోళ్ళు. షిఫ్టు దిగినవాళ్ళు సగంమంది సూపర్‌వైజరు మొహం గుర్తుపెట్టుకొని వస్తారు. వాళ్ళకి ఉత్సాహం ఎక్కువ, ఊపిరి తక్కువ.

బాక్సింగ్ మాస్టరంటే గుద్దడం నేర్పేవాడని జనం అనుకుంటారు. గుద్దడం ఎవరికీ నేర్పే పని లేదు. బస్సులో ఒకడు తువ్వాలు వేసిన సీట్లో ఇంకొకడు కూర్చుంటే చాలు, మన పక్క ఎవరైనా గుద్దగలడు. నేర్పాల్సింది తప్పించుకోవడం. మొహం మీదికి ఏదైనా వస్తే దేవుడిచ్చిన బుద్ధి రెండే పనులు చెప్తాది. కండ్లు మూసుకో, వెనక్కి పో. రింగులో రెండూ తప్పే. కండ్లు మూస్తే రెండో గుద్దు కనపడదు. నేరుగా వెనక్కి పోతే రెండో గుద్దు వెతుక్కుంటూ వస్తాది. అంటే మా ఉద్యోగమంతా దేవుడిచ్చిన బుద్ధిని మాన్పించడం. అందుకే దానికి ఏండ్లు పడతాది, అందుకే మధ్యలో అందరూ పారిపోతారు.

గోవిందు మాస్టరు

నాకు నేర్పింది కృష్ణగిరిలో గోవిందు మాస్టరు. మిలిటరీనుంచి వచ్చినాడు. అక్కడ బాక్సింగ్ చేసినాడా, వంట చేసినాడా అనేది ఆఖరుదాకా తేలలేదు. రెండూ బాగా వచ్చు.

ఆయన దగ్గర సామాన్లు లేవు. చుట్టూరా మామిడితోపులు ఉండినాయి. నా చేతులు వెనక్కి విరిచి తువ్వాలుతో కట్టి, చెట్టు మానుకి వీపు ఆనించి నిలబెట్టి, గాలికి రాలిన పిందెలు ఏరుకొని మొహం మీదికి విసిరేవాడు. వెనక్కి పోవాలంటే చెట్టుని తోసుకొని పోవాల.

"కండ్లు మూసినావురా."

"లేదు మాస్టరూ."

"అట్లనా? మరి ఏ చేత్తో విసిరినాను?"

"కుడి చేత్తో."

"నేను ఇంకా విసరనే లేదు."

అంతే, విసిరినాడు. ఆ ఏడు ఎండాకాలమంతా మా అమ్మ పెట్టిన ఆవకాయ నేను ముట్టలేదు.

ఆయన చెప్పిన ముఖ్యమైన మాట ఒకటి ఇప్పటికీ చెల్లుతాది. ఎదుటివాడి చేతిని చూడొద్దు, ఎదను చూడు. చెయ్యి అబద్ధం ఆడుతాది, భుజం ఆడలేదు. గుద్దు బయలుదేరే ముందు భుజం కదిలి తీరాల. ఇంకొకటి, చాలినంతే కదులు. చెవి పక్కన గాలి తగిలేలా గుద్దు పోతే అది తప్పిపోయినట్టే. మూరెడు దూరం దూకితే చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు గానీ, తిరిగి కొట్టడానికి నువ్వు ఆడ ఉండవు.

ఆయన తప్పు కూడా చెప్పాల. దెబ్బ తగిలితే నేర్చుకుంటారని ఆయన సిద్ధాంతం. దెబ్బ తగిలితే మానుకుంటారనేది నేను కండ్లారా చూసింది. ఆయన దగ్గర నాతో చేరినవాళ్ళలో ఆఖరుకి మిగిలింది నేనొక్కణ్ణే. నేను మిగిలింది ధైర్యంతో కాదు, మా నాయన ముందుగానే ఆయనకి మాట ఇచ్చేసినాడు. కాబట్టి నేను మాస్టరునైనాక పిందెలు విసరలేదు. మెత్తనివి వెతుక్కున్నాను.

కొట్టం

రెండువేల సంవత్సరం దాటినాక స్కూలు గ్రౌండులో కొత్త బిల్డింగు మొదలుపెట్టినారు. హెడ్‌మాస్టరు నన్ను పిలిచి, బాక్సింగుకి స్థలం లేదని చెప్పి, కానీ బాక్సింగ్ ఆగకూడదని కూడా చెప్పినాడు. హెడ్‌మాస్టర్లకి ఇట్లాంటి మాటలు ఎట్లా వస్తాయో నాకు ఇప్పటికీ తెలీదు.

అప్పుడు మంజుల ముందుకొచ్చింది. ప్లస్ టూ చదివే పిల్ల. వాళ్ళది కెలమంగలం పక్కన మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం. ఆడపిల్లలకి కూడా పోటీలు పెడతారని అప్పుడప్పుడే వినిపిస్తుండింది. ఆ మాట విన్న దినమే వచ్చి వరసలో నిలబడింది. నేను పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు. నిలబడిపోయింది.

"సార్, మా పాత పురుగుల ఇల్లు ఖాళీగా ఉండాది. కొత్తది కట్టుకున్నాము. ఈడ కన్నా ఆడ నయం."

ఖాళీ అంటే ఆమె ఉద్దేశం మనుషులు లేరని. లోపల నడవాకి రెండు పక్కలా వెదురు తట్టల స్టాండ్లు, వాటి మీద కప్పుదాకా చంద్రికలు. పురుగులు గూళ్ళు కట్టడానికి వేసే గుండ్రటి వెదురు చాపలు అవి. నడుమ మనిషి నడిచేంత దారి. భుజం తగిలితే పైనుంచి ఒకటి జారుతాది, దాని వెనక ఇంకొకటి. ఆ సద్దుకి పక్కనున్న కొత్త ఇంట్లోంచి మంజుల వాళ్ళమ్మ మునెమ్మ గొంతు వస్తాది.

"ఎవురప్పా అది? గూళ్ళు మీరు కడతారా, నా పురుగులు కట్టాల్నా?"

మేము భయపడింది గుద్దులకి కాదు, ఆ గొంతుకి.

మునెమ్మ షరతు

కొట్టం ఇచ్చేముందు మునెమ్మ నన్ను ఒక్కణ్ణే కొత్త పురుగుల ఇంట్లోకి పిలిచి మాట్లాడింది. చేతిలో మల్బరీ ఆకు తట్ట ఉండింది. దించలేదు.

"పిల్ల మూతి మీద దెబ్బ కనపడకూడదు మాస్టరూ. కనపడిన దినమే ఆఖరు. కొట్టమూ లేదు, పిల్లా లేదు."

ఆడపిల్ల అందం, పెండ్లి, అలాంటిది ఏదో చెప్తుందని నేను తల ఊపడానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె వేరే మాట చెప్పింది.

"మా ఇంటాయన తాగుడు మానుకొని ఇంకా రెండేండ్లు కాలేదు. మానుకోకముందు ఈ ఇంట్లో ఎవురి మూతి వాచినా ఊరికి కారణం తెలుసు. ఇప్పుడు పిల్ల మూతి వాస్తే మళ్ళీ ఆయన్నే చూస్తారు. ఎవురూ ఏమీ అనరు, చూస్తారు. ఆ చూపు తగిలితే ఆయన యాడికి పోతాడో నాకు తెలుసు. ఆ బ్రాందీ అంగడి సందు దాటడానికే ఆయనకి దినమూ ఒక యుద్ధం."

తట్ట ఇంకో చేతికి మార్చుకొని, "ఈ మాట ఆయనకి తెలియనీయొద్దు" అనింది.

నేను సరే అన్నాను. గుద్దులాటలో మొహానికి గుద్దు తగలకుండా చూస్తానని మాట ఇచ్చినవాడు ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. చేపకి తడి తగలనీయనని మాట ఇచ్చినట్టు. కానీ ఆలోచించినాక తెలిసింది, మా పనికి ఇంతకన్నా మంచి సిలబస్ ఎవరూ రాయలేదు. తప్పించుకో. తగిలితే ఇంటికి పో.

నంజప్ప, అంటే మంజుల నాయన, అప్పుడు నాకు బాగా తెలీదు. బక్కటి మనిషి, ఆకు మూటతో సైకిలు తోసుకుంటూ పోయేవాడు. సాయంత్రం అయ్యేసరికి తోటలో అట్నుంచి ఇటు, ఇట్నుంచి అటు నడుస్తుండేవాడు. కోయడానికి ఆకు లేకపోయినా నడిచేవాడు.

వంగే జట్టు

ఆ నడవాలో ఏం నేర్పగలం? పక్కకి పోతే చంద్రికలు పడతాయి. వెనక్కి పోకూడదు. మిగిలింది కిందికి వంగడం. మా జట్టు వంగింది. మోకాళ్ళు మడిచి, వీపు నిటారుగా పెట్టి, కండ్లు పైకే ఉంచి, ఎట్లా వంగినారంటే గుద్దు నెత్తి మీదుగా గాలిలోకి పోయేది. నాకు చాలా గర్వంగా ఉండింది. ఇంత తక్కువ చోటులో ఇంత బాగా నేర్పినానని నన్ను నేనే మెచ్చుకున్నాను. వేరే ఎవరూ మెచ్చుకోవడానికి అక్కడ పట్టేవాళ్ళు కాదు.

కృష్ణగిరి పోటీలకి పోయినాము. మొదటి రౌండులో మా జట్టు అద్భుతం. రెండో రౌండులో ఎదుటి పక్క మాస్టరు, సేలం పక్కాయన, నా దగ్గరకొచ్చి చాలా మర్యాదగా అడిగినాడు.

"సార్, మీ పిల్లకాయలు ఏదైనా పారేసుకున్నారా? అందరూ కిందనే వెతుకుతుండారే."

చెప్పి పోయి తన పిల్లలకి ఒక్క మాట చెప్పినాడు. అక్కడినుంచి గుద్దులన్నీ కిందనుంచి పైకి వచ్చినాయి. అప్పర్‌కట్ అంటారు దాన్ని. వంగేవాడి గడ్డం తనంతట తానే పోయి దాని మీద కూర్చుంటాది. మా వాళ్ళు ఒక్కొక్కరే వంగినారు, ఒక్కొక్కరే లేచి నేరుగా బట్టల సంచుల దగ్గరికి పోయినారు.

మంజులకి ఆయన జట్టులోని కృష్ణగిరి పిల్ల ఒకామె తగిలింది. పొడుగు మనిషి, పొడుగు చేతులు. రెండుసార్లు వంగింది, రెండుసార్లూ గుద్దు గడ్డం కింద పడింది. ఓడిపోయింది. తలకి రక్షణ కట్టు ఉంటుంది కాబట్టి బయట గీత లేదు, లోపల పెదవి తెగింది. ఇంట్లో మునెమ్మ పిల్ల మొహాన్ని వెలుతురుకి తిప్పి తిప్పి చూసిందంట, జబ్బు పురుగుని చూసినట్టు. ఏమీ కనపడలేదు. షరతు తనకీ తెలుసు కాబట్టి మంజుల కారం తినకుండా గడిపింది. వాళ్ళమ్మ కడుపులో వేడి అనుకొని మజ్జిగ పోసింది.

కృష్ణగిరినుంచి బస్సులో వస్తుంటే మంజులే విషయం చెప్పింది, పెదవి కదపకుండా.

"సార్, మనము పక్కకి పోము."

"ఎందుకు పోము? పొమ్మని నేను అరిచినాను కదా."

"చంద్రికలు పడతాయి."

"రింగులో చంద్రికలు యాడుండాయమ్మా?"

"నాకు తెలుసు సార్. నా భుజానికి తెలీదు."

ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాయొచ్చు. మీరు నేర్పేది సగమే, మిగతా సగం మీరు నేర్పే చోటు నేర్పుతాది. ఇరుకులో నేర్చుకున్న ఒళ్ళు మైదానంలో కూడా ఇరుకుగానే ఉంటాది. కాబట్టి కొత్త మాస్టర్లకి చెప్తున్నాను, మొదటి దినం పిల్లలను చూడొద్దు, గోడలను చూడండి.

రాగుల మూట

కొట్టంనుంచి బయటికి వచ్చినాము. మల్బరీ తోట పక్కన చదునైన నేల ఉండింది. రెండు గుంజలు పాతి భుజమెత్తున కొబ్బరితాడు కట్టినాను. తాడుకి ఒక పక్క నిలబడి, మోకాళ్ళు మడిచి, తలని తాడు కిందుగా రెండో పక్కకి తీసుకుపోవాల. మళ్ళీ ఇటు. అట్లనే ఒక్కొక్క అడుగు ముందుకి. తాడు చెవికి రాసుకుంటే తప్పు. ఖర్చు లేదు, పగిలేది లేదు, మునెమ్మ అరవడానికి ఏమీ లేదు. ఆమెకి కొంచెం వెలితిగానే ఉండింది.

తర్వాత పాత మేజోడులో రాగులు పోసి, మూతి కట్టి, చింతకొమ్మకి వేలాడదీసినాను. అది ఊగుతుంటే తల పక్కకి జరిపి తప్పించుకోవాల. ఇసుక పోస్తే తగిలినప్పుడు చర్మం లేస్తాది. రాగులు మెత్తగా ఉంటాయి, కానీ తగిలినట్టు తెలుస్తాది. మునెమ్మ చూసి, "సంగటి చేసుకొని తినేదాన్ని తలకాయకి కొట్టుకుంటుండారే, మీకు బువ్వ లేదా?" అనింది. అనింది గానీ, మంచి రాగులే ఇచ్చింది.

మూటతో ఒక చిక్కు ఉంది. ఊగేది ఏదైనా ఒకే దారిలో వస్తాది, పోతాది. రెండు దినాలకి పిల్లలు దాన్ని చూడకుండానే తప్పించుకున్నారు. ఒకడు తప్పించుకుంటూనే నాతో క్రికెట్ గురించి మాట్లాడినాడు. మనిషి గుద్దు అట్లా రాదు. ఎవరో ఒకరు తాడు పట్టుకొని, ఎప్పుడంటే అప్పుడు, యాడికంటే ఆడికి విసరాల. నేను విసిరితే పిల్లలు నా మొహం చూసి కనిపెట్టేవాళ్ళు. నా మొహంలో రహస్యాలు నిలవవు.

ఆ సాయంత్రం నంజప్ప తోటలో తిరుగుతూ తిరుగుతూ వచ్చి గుంజ దగ్గర నిలబడినాడు.

"నేను పట్టుకుంటా ఇట్ల ఇయ్యప్పా."

ఇచ్చినాను. ఆయన చెయ్యి సొల్పం వణుకుతాది. తాగుడు పోయినా వణుకు ఇంకా పోలేదు. ఆ వణుకు తాడులోకి దిగింది, తాడులోంచి మూటలోకి. మూట ఒకసారి నేరుగా వచ్చింది, ఒకసారి మెలి తిరిగి వచ్చింది, ఒకసారి వస్తున్నట్టు వచ్చి ఆగింది. ఎప్పుడు ఎట్లా వస్తాదో విసిరే మనిషికే తెలీదు. ఇక చూసేవాళ్ళకేం తెలుస్తాది? క్రికెట్ మాట్లాడినవాడికి మొదటిదే ముక్కు మీద పడింది. ఇంత మంచి బాక్సింగ్ సామాను నేను మళ్ళీ యాడా చూడలేదు.

"చెయ్యి నిలవదప్పా" అన్నాడు నంజప్ప, తప్పు చేసినట్టు.

"నిలిపితే నీ ఉద్యోగం పోతాదన్నా" అన్నాను.

ఆ మనిషి నవ్వడం నేను చూసింది అదే మొదలు. ఆ పొద్దునుంచి సాయంత్రమైతే ఆయన మా దగ్గరే. తోటలో నడక ఆగిపోయింది. దీని గురించి నేను పెద్ద మాటలు చెప్పను. పొద్దుగూకే వేళకి కొందరికి చేతిలో ఏదో ఒకటి ఉండాల. ఆయన చేతిలో తాడు ఉండింది.

మంజుల ఎదురుగా నిలబడేది. ఎడమకి జారేది, కుడికి జారేది, కండ్లు నాయన భుజం మీదే. మొదట్లో చాలా తగిలినాయి. తగిలినప్పుడల్లా నంజప్ప తాడు దించేసేవాడు.

"దించొద్దు నాయనా. ఆ కృష్ణగిరి పిల్ల చెయ్యి దించదు" అనేది మంజుల.

మళ్ళీ కృష్ణగిరి

మరుసటి ఏడు మళ్ళీ అదే పోటీలు, ఆఖరికి ఎదురుగా అదే పొడుగు పిల్ల. సేలం పక్క మాస్టరు నన్ను చూసి, "పారేసుకున్నది దొరికిందా సార్?" అన్నాడు. మంచి మనిషి. రెండేండ్లూ ఒకే జోకుతో సరిపెట్టుకున్నాడు.

నంజప్ప రాలేదు. పురుగు పగలూ రాత్రీ ఆకు తినే దశలో ఉండింది, మనిషి కదలడానికి లేదు.

మంజుల ఈసారి వంగలేదు. పక్కకి జారింది. పొడుగు పిల్ల గుద్దులు ఒకదాని వెనక ఒకటి మంజుల చెవుల పక్కన పోయినాయి. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టినారు. నాకు మాత్రం విషయం తెలుసు, చప్పట్లకి పాయింట్లు రావు. తప్పించుకున్నంత మాత్రాన ఎవరూ గెలవరు, ఓడిపోవడం ఆలస్యమవుతాది, అంతే. ఆఖరి రౌండుకి ముందు మూలకొచ్చి కూర్చుంది.

"ఎట్లుండాది సార్?"

"సమానంగా ఉండాది."

"లోపలికి పోవాల్నా?"

పొడుగు చేతులున్నవాళ్ళ లోపలికి పోవాలంటే దారిలో ఒకటి తగలడానికి ఒప్పుకోవాల. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. నా కండ్ల ముందు ఆకు తట్ట పట్టుకొని మునెమ్మ నిలబడింది.

"పోతే తగలొచ్చమ్మా" అన్నాను. అంతకుమించి చెప్పలేదు. పోవద్దని చెప్పే హక్కు నాకు లేదు, పొమ్మని చెప్పే ధైర్యం లేదు. మూలలో నిలబడి సలహా ఇచ్చేవాళ్ళలో చాలామంది పరిస్థితి ఇదే, ఒప్పుకోరు గానీ.

మంజుల నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. "నాయన ఇప్పుడు యాడుంటాడు?"

"ఆకు కోస్తుంటాడు."

"సరే" అని లేచింది.

మొదటి గుద్దుకి ఎడమకి జారింది. రెండోదానికి కుడికి. మూడోదానికి జారలేదు. చేతగాక కాదు, జారితే దూరం పెరుగుతాది. ఆ గుద్దు వచ్చి ఎడమ కంటి కింద పడింది. పడేటప్పటికి మంజుల లోపల ఉండింది. లోపలికి పోయినాక ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలీదు, ఎందుకంటే నేను కండ్లు మూసుకున్నాను. కండ్లు మూయొద్దని జీతం లేకుండా అన్నేండ్లు నేర్పినవాణ్ణి.

గెలిచింది. సన్నటి తేడాతో. కప్పు ఇచ్చినారు, దాని చెవి ఒకటి వదులు. కప్పు అందుకునేటప్పటికే కన్ను సగం మూసుకుపోయింది.

సంత దినం

కృష్ణగిరినుంచి రాయకోట మీదుగా బస్సు. కండక్టరు టిక్కెట్టు కొడుతూ మంజుల మొహం చూసినాడు, తర్వాత నా మొహం చూసినాడు.

"ఎవురమ్మా కొట్టింది?"

"బాక్సింగ్ అప్పా" అన్నాను నేను.

"నిన్ను అడగలే" అన్నాడు. ఆ పిల్లని ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చోబెట్టి, నన్ను వెనక్కి తోలినాడు. ఆ ముందు సీట్లో ఉన్న ముసలావిడ కెలమంగలందాకా నన్ను వెనక్కి తిరిగి తిరిగి చూసింది. అప్పుడు తెలిసింది నాకు, మునెమ్మ చెప్పిన చూపు ఎట్లుంటాదో. నేను ఏమీ చేయలేదు, అయినా తల దించుకున్నాను. నిజంగా ఒకప్పుడు చేసిన మనిషికి ఎట్లుంటాదో ఆ దారంతా ఆలోచించినాను. రాయకోట రోడ్డు ఆలోచించడానికి వీలుగా ఉండదు, గుంతలు ఎక్కువ.

బస్సు దిగేసరికి సంత. ఊరూ చుట్టుపక్కల పల్లెలూ అన్నీ ఆడనే ఉండినాయి. మంజుల దుపట్టా మొహానికి అడ్డం పెట్టుకుంది. బస్టాండు పక్కన నంజప్ప సైకిలుతో నిలబడి ఉండినాడు. ఆకు దించి నేరుగా వచ్చినట్టుంది, చొక్కాకి పచ్చ మరకలు.

"తియ్యమ్మా" అన్నాడు. మంజుల దుపట్టా దించింది. ఆయన చూసినాడు.

"కన్ను కనపడతాదా?"

"కనపడతాది."

"గెలిచినావా?"

"ఆఁ."

నేను మధ్యలో దూరినాను. "నంజప్పన్నా, తోటల వెనక దారి ఉండాది కదా. అట్ల పోదాము. సంతలో జనం ఎక్కువ."

నంజప్ప నా పక్క తిరిగినాడు. "మునెమ్మ పెట్టిన షరతు నాకు తెలుసప్పా. పురుగుల ఇంట్లో ఆకు తినే సద్దు తప్ప వేరే సద్దు ఉండదు. గుసగుస పెట్టినా వినపడతాది." కప్పు తీసుకొని సైకిలు హ్యాండిల్‌కి తగిలించినాడు, గట్టిగా ఉండే చెవితో. "వెనక దారిలో నేను చాలాసార్లు పోయినాను. ఈ పొద్దు ముందు దారిలో పోదాము."

పోయినాము. సంత నడుమనుంచి. నేను చెప్పేది నమ్మండి, కృష్ణగిరి రింగు దీని ముందు ఏమీ కాదు. ఎర్రగడ్డలమ్మే ఆమె మంజులను చూసింది, నంజప్పను చూసింది, తక్కెడ ఆపింది.

"నేను కాదమ్మా" అన్నాడు నంజప్ప, ఆమె అడగకముందే. "కృష్ణగిరి పిల్ల. మా పిల్ల గెలిచింది. ఇదిగో కప్పు."

టీ అంగడి ముందు అదే మాట. పూలమ్మే బాగలూరు ఆయన ముందు అదే మాట. "నేను కాదప్పా. కృష్ణగిరి పిల్ల." చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు, తగ్గించలేదు. చెయ్యి మాత్రం వణికింది, హ్యాండిల్ మీద కప్పు గలగలమనింది. వచ్చే చూపు వస్తుండింది, ఆయన పక్కకి జారలేదు. కొందరు నవ్వినారు. ఒకాయన కప్పుని తట్టి చూసి, "రేకు" అన్నాడు.

బ్రాందీ షాపు సందు మొదట్లో బెంచీ మీద ఆయన పాత స్నేహితులు కూర్చోనుండినారు. ఒకడు గట్టిగా అరిచినాడు.

"ఏమి నంజప్పా! మళ్ళీ మొదలుపెట్టినావా?"

సైకిలు ఆగింది. మంజుల నాయన చొక్కా అంచు పట్టుకుంది. నేను ఏదైనా జోకు వేద్దామని చూసినాను. జీవితంలో మొదటిసారి ఒక్కటీ తట్టలేదు.

నంజప్ప బెంచీ పక్క చూసి, "నేను కాదప్పా. ఈసారి మొదలుపెట్టింది నా కూతురు" అన్నాడు. సైకిలు కదిలించినాడు. ఆ సందుని ఆయన అంత మెల్లగా దాటడం అదే మొదలని మంజుల తర్వాత చెప్పింది. ఎప్పుడూ పరుగెత్తినట్టు దాటేవాడంట.

మేము ఇల్లు చేరేలోగా వార్త చేరిపోయింది. మునెమ్మ వాకిట్లో నిలబడి ఉండింది, చేతిలో ఆకు తట్ట. పిల్ల మొహాన్ని వెలుతురుకి తిప్పి చూసింది. ఈసారి వెతికే పని లేకుండింది.

"షరతు గుర్తుండాదా మాస్టరూ?"

"ఉండాదమ్మా."

"సంత మీదుగా వచ్చినారంట."

"ఆయనే తెచ్చినాడమ్మా."

మునెమ్మ మొగుణ్ణి చూసింది. నంజప్ప సైకిలుకి స్టాండు వేసి, కప్పు తీసి ఆమె చేతికి ఇచ్చినాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, వదులు చెవిని కదిలించి, తట్టలో ఆకు మీద పెట్టింది.

"మేజోడుని ఎలకలు కొరికేసినాయి. రేపటికి వేరేది తెండి. రాగులు నేనిస్తా" అని లోపలికి పోయింది. పురుగులకి ఆకు వేసే వేళ దాటిపోతుండింది.

మరుసటి సాయంత్రం అందరూ వచ్చినారు. మంజులకి ఒక కన్నే పనిచేస్తుండింది. ఒక కన్నుతో దూరం తెలీదు, ఈ పొద్దు వద్దులేమ్మా అన్నాను. వినలేదు. నంజప్ప తాడు అందుకున్నాడు. నేను పక్కనే మూటకి వీపు తిప్పి నిలబడి మిగతా పిల్లలకి వివరంగా చెప్తుంటిని, కండ్లు ఎప్పుడూ ఎదుటివాడి భుజం మీద ఉండాల, ఏమరుపాటు పనికిరాదు అని.

ఆ సాయంత్రం రాగుల మూట ఒక్కరికే తగిలింది. ఆ ఒక్కరు మంజుల కాదు.